రొమ్ము ఎక్స్‌రేలో తెల్ల చుక్కలు: దంపతులు తెలుసుకోవలసిన సంగతులు

శృంగవరపుకోట చుట్టుపక్కల గ్రామాల దంపతులారా!

రొమ్మును రెండు పలకల మధ్య అదిమి తీసే ఎక్స్‌రేను మామోగ్రామ్ అంటారు. అందులో ఒక్కోసారి తెల్లని చుక్కలు కనబడతాయి. అవి సున్నపు రవ్వలు. రిపోర్టులో ‘కాల్సిఫికేషన్లు’ అని రాస్తారు. ఇవి సాధారణంగా చేతికి తగలవు, నొప్పి పెట్టవు.

“చోడి అంబలి, కాల్షియం బిళ్ళలు మానెయ్యాలా?” అని కొందరు అడుగుతారు. అక్కరలేదు. తిండిలోని సున్నం వల్ల ఈ చుక్కలు రావు.

భయపడనక్కరలేని చుక్కలు:
1. పెద్దవిగా, గుండ్రంగా, అంచులు నున్నగా ఉన్నవి.
2. రెండు రొమ్ముల్లోనూ అక్కడొకటి, ఇక్కడొకటిగా చెదిరి ఉన్నవి.
3. రక్తనాళం వెంట రైలు పట్టాల్లా జంట గీతలుగా ఉన్నవి.

అనుమానించవలసిన చుక్కలు:
1. అర మిల్లీమీటరు కన్నా చిన్నవై, విరిగిన నూకల్లా ఒకదానికొకటి పోలిక లేనివి.
2. ఒక సెంటీమీటరు మేరలో ఐదు, అంతకు మించి గుంపు కట్టినవి.
3. పాలనాళం వెంట సన్నని గీతలా సాగి, కొమ్మలుగా చీలినవి.

వీటిని ఎందుకు అనుమానించాలి? రొమ్ము క్యాన్సర్ చాలాసార్లు పాలనాళం లోపలే మొదలవుతుంది. అక్కడ కణాలు చచ్చిన చోట సున్నం పేరుకుంటుంది. జబ్బు నాళం దాటకముందే పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. గడ్డ చేతికి తగిలేదాకా ఆగితే ఆ అదను దాటిపోవచ్చు. 1913లోనే బెర్లిన్ శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్ కోసి తీసిన రొమ్ములను ఎక్స్‌రే తీసి, ఈ రవ్వలను గమనించారు.

రిపోర్టు చివర ‘బైరాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే ఇంకా ఫొటోలు కావాలి. 1, 2 అయితే చింత లేదు. 3 అయితే సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ తీయించాలి. 4 లేదా 5 అయితే సూదితో ముక్క తీసి పరీక్ష చెయ్యాలి. 4 వచ్చినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కాని ఎవరికి ఉందో ఆ ముక్కే చెప్పాలి. సూది పొడిస్తే జబ్బు పాకుతుందన్న మాట నమ్మకండి. ఈ చుక్కలు స్కానింగులో చాలాసార్లు కనబడవు. స్కానింగు బాగుందని ఊరుకోకండి.

భర్తలకొక మాట. ఇంటి ఆడమనిషి “నొప్పి లేదు కదా, ఉభాలు అయ్యాక చూద్దాం” అంటుంది. ఆ మాట పట్టుకుని మీరూ ఆగిపోవద్దు. నొప్పి లేని రోజుల్లోనే ఈ జబ్బు లొంగుతుంది. తోడుగా వెళ్ళండి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పాత ఫిలింలు, రిపోర్టులు పారెయ్యకుండా పట్టుకెళ్ళండి. చుక్కలు కొత్తవా, పెరిగినవా అన్నది డాక్టరు వాటితో పోల్చి చూస్తారు.

ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు ఆరోగ్య కార్యకర్తలు చేతితో రొమ్ము పరీక్ష చేస్తారు. సిగ్గుపడకుండా చేయించుకోండి. మామోగ్రామ్ ఎప్పుడు కావాలో డాక్టరును అడగండి.