ల్యాప్‌టాపు తెరువకున్నచో చూడవలసిన సంగతులు

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్లకెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము జూను మాసమున ఆమోదించినది. పెక్కు సంఘములలో చిట్టా, ఆవర్జాలు యంత్రమున చేరినవి. విత్తనముల వేళ అప్పు కొఱకు వచ్చిన రైతునకు "యంత్రము లేచుట లేదు, రేపు రండు" అని చెప్పిన అదను ఆగదు గదా! కావున ఈ మాసమున ఆ విషయమును ముచ్చటింతుము.

మోటారు తిరుగకున్న రైతు మొదట దానిని విప్పడు. కరెంటు వచ్చుచున్నదా, ఫ్యూజు ఉన్నదా యని చూచును. ఇచ్చటను అదే క్రమము. గోడప్లగ్గునకు సెల్‌ఫోను ఛార్జరును తగిలించి, కరెంటు ఉన్నదని తేల్చుకొనవలెను. పిమ్మట ల్యాప్‌టాపు ఛార్జరును ఊడదీసి, దాని తీగను మొదలునుండి తుదివఱకు పరీక్షింపవలెను. ఎలుకలు కొఱికిన తీగలు మన కార్యాలయములలో అరుదు కావు. వేరొక ఛార్జరు తగిలింపదలచినచో దాని వీపుననున్న అంకెలు చదువుడు. వోల్టులు పాతదానితో సరిపోవలెను. ఆంపియర్లు సమానముగనో హెచ్చుగనో ఉండవచ్చును గాని తక్కువ పనికిరాదు. పిన్ను పట్టినంత మాత్రమున ఛార్జరు సరిపడినట్లు కాదు.

అప్పటికిని కదలిక లేనిచో ఛార్జరును, పెన్‌డ్రైవును, ప్రింటరు తీగను ఊడదీసి, స్విచ్చిమీటను అరనిమిషము అదిమిపట్టి విడువవలెను. లోపల నిలిచిన కొద్దిపాటి విద్యుత్తు దీనితో ఖాళీయగును. తరువాత ఛార్జరును మాత్రమే తగిలించి, పావుగంట ఆగి మీట నొక్కుడు. ఇంత చిన్న ఉపాయముతోనే లేచిన యంత్రములు కలవు.

దీపము వెలిగి, ఫ్యాను తిరిగి, తెర మాత్రము నల్లగానున్న రోగము వేరు. చీకటిగదిలో టార్చిలైటును తెరపై ఏటవాలుగ వేయుడు. అక్షరములు మసకగ కనబడినచో చెడినది తెరవెలుగే. యంత్రమును కేబులుతో టీవీకి కలిపి ఆనాటి పని గడపుకొనవచ్చును. ఏమియు కనబడక బీపుధ్వనులు వచ్చినచో, తఱచుగ అది మెమరీ పలక కదలుట వంటి లోపము. ధ్వనులెన్నియో లెక్కించి మరమ్మతుదారునకు చెప్పినచో ఆతనికి శ్రమ తగ్గును.

బ్యాటరీ ఉబ్బి అడుగుపలక లేచినచో పై ప్రయోగములేవియు వలదు. ఛార్జరు తీసివేసి దూరముగ ఉంచుడు. నొక్కరాదు, పొడువరాదు, అది లిథియము బ్యాటరీ, అంటుకొనును.

ఒక్కొక్కప్పుడు విండోసు తెరువక 48 అంకెల సంఖ్యను అడుగును. అది డిస్కునకున్న బిట్‌లాకరు తాళము. ఆ సంఖ్య యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో ఉండవచ్చును. కాని మొదటినాడే కాగితముపై వ్రాసి కార్యదర్శి బీరువాలో దాచుట మాకు నచ్చిన పద్ధతి. సంఖ్య దొరకనిచో డిస్కులోని కాగితములు ఎవ్వరికిని దక్కవు.

మరమ్మతు అంగడిలో "ఫార్మాటు చేసిన సరి" యందురు. యంత్రము లేచును, లోనిది పోవును. లెక్కలు ప్రధాన సర్వరుననున్న సంఘములలోను తీర్మానముల నకళ్లు, అర్జీలు ఆ యంత్రమునందే యుండుట కద్దు. కావున డిస్కునకు నకలు తీసిన పిదపనే ఫార్మాటు చేయవలెనని రసీదుమీద వ్రాయించుకొని, యంత్రమును అప్పగింపవలెను.