ఎర్ర లైటు ఉండగానే పీకేస్తున్నారా?

అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా చిలకలూరిపేట, పర్చూరు, త్రిపురాంతకం వైపు ఏ చేలో చూసినా వీపున పదహారు లీటర్ల స్ప్రేయర్ తగిలించుకున్న మనిషి కనిపిస్తాడు. మిరపకో పత్తికో మందు కొడుతుంటాడు. ఈమధ్య ఆ స్ప్రేయర్లలో సీసం బ్యాటరీ పోయి లిథియం ప్యాక్ వస్తోంది. బరువు తగ్గి భుజాలకు హాయిగా ఉంది. ఓపిక లేనివాడి చేతిలో మాత్రం అది ఎక్కువ కాలం నిలవదు.

పన్నెండు వోల్టుల ప్యాక్ అంటాం గానీ లోపల ఉండేది ఒక్క సెల్లు కాదు. 3.7 వోల్టులవి మూడో, 3.2 వోల్టుల ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు నాలుగో వరసగా కలిపి ఉంటాయి. ఒకే ఫ్యాక్టరీలో తయారైనా అన్నిటి సత్తువా ఒకటి కాదు. చార్జింగ్ పెట్టినప్పుడు, ముందు నిండిన సెల్లును కాపాడటానికి రక్షణ బోర్డు కరెంటు ఆపేస్తుంది. మిగతావి వెలితిగానే ఉండిపోతాయి. చేలో వాడేటప్పుడు, ముందు ఖాళీ అయిన సెల్లు కోసం మళ్లీ ఆపేస్తుంది. మిగతావాటిలో శక్తి ఉన్నా సాలు మధ్యలో పంపు ఆగిపోతుంది.

ఇక మీ సంగతికి వద్దాం, మనిషీ ఇలాంటి ప్యాకే. మీరు ఎక్కడ మెరుస్తున్నారో అందరూ చెబుతారు. ఎక్కడ ఆగిపోతున్నారో మీరే చూసుకోవాలి. లెక్కల్లో నూటికి తొంభై అయిదు తెచ్చుకునే ఇంటర్ కుర్రాడు సెలవుల్లోనూ లెక్కలే చేస్తాడు, నలుగురి ముందు నోరు విప్పమంటే చెమటలు పడతాయి. కొట్లో బేరం చక్కగా నడిపే ఆయనకు నిద్ర నాలుగు గంటలే, సాయంత్రమయ్యేసరికి గుమాస్తా మీద అరుపులు. రోజూ ఏ వేళకు, ఏ పని దగ్గర మీ ఓపిక తెగుతోందో వారం పాటు ఒక కాగితం మీద రాసుకోండి. ముందు ఖాళీ అవుతున్న సెల్లు అక్కడే దొరుకుతుంది.

దొరికింది కదా అని మొత్తం జోరు పెంచేయకండి. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు చాలామంది మందు మీద మందు కొట్టారు. ఖర్చు పెరిగింది గానీ పంట దక్కలేదు. విచక్షణ లేకుండా కొట్టడం ఆపండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి అని శాస్త్రవేత్తలు చెప్పాల్సి వచ్చింది. ఏ కష్టానికైనా మనకు ముందు తట్టే జవాబు ‘ఇంకా గట్టిగా’ అన్నదే.

బ్యాటరీలో సర్దుబాటు ఇంకోలా జరుగుతుంది. చాలా ప్యాకుల్లో చార్జింగ్ చివరికొచ్చాక, ముందు నిండిన సెల్లు దగ్గరి కాస్త కరెంటును బోర్డు చిన్న రెసిస్టర్ గుండా వేడిగా వదిలేస్తుంది. ఈలోపు వెనకబడినవి అందుకుంటాయి. పని నిదానం, పైకి ఏమీ కనిపించదు. అందుకే తొందరపడి చార్జర్ మీద ఎర్ర లైటు ఉండగానే ప్లగ్గు పీకేస్తాం. రోజూ ఇదే తంతయితే తేడా పెరుగుతూ పోతుంది. అప్పుడప్పుడైనా పూర్తిగా ఎక్కనివ్వండి, మీరు మెలకువగా ఉన్న వేళ చూసి పెట్టండి. (ఫోన్‌లో సాధారణంగా ఒకే సెల్లు, దానికి ఈ గొడవ లేదు.) మీ బలహీనమైన వైపుకీ రోజులో ఒక అరగంట అలాగే వదలండి. మొదటి వారంలోనే ఫలితం కావాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

పక్కింటి చార్జర్ సంగతి కూడా చెప్పాలి. పిన్ను పట్టిందంటే చార్జర్ సరిపోయినట్టేనని చాలామంది నమ్మకం. నాలుగు ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల చార్జర్ 14.6 వోల్టులిస్తుంది. మూడు సెల్లుల ప్యాక్ 12.6కే నిండుతుంది. రెంటినీ కలిపిననాడు రక్షణ బోర్డు పనిచేయకపోతే సెల్లుకు 4.8 వోల్టులు దాటుతాయి, నిప్పంటుకునే ప్రమాదం. బావగారి అబ్బాయికి ర్యాంకు తెచ్చిన టైంటేబుల్‌ను మీ అమ్మాయి గోడకు అంటించే ముందు, ఆ పిల్ల ఎన్ని సెల్లుల ప్యాకో చూడండి.

మిరప కోతలు అయ్యాక స్ప్రేయర్‌కు సెలవు. నిండా ఎక్కించి రేకుల షెడ్డులో పడేస్తే, రెంటచింతల ఎండల్లో సెల్లు త్వరగా ముసలిదవుతుంది. పూర్తిగా ఖాళీ చేసి పెట్టినా పాడవుతుంది. సుమారు సగం చార్జింగ్‌తో ఇంట్లో చల్లటి చోట ఉంచండి, రెండు మూడు నెలలకోసారి చూడండి. పరీక్షలయ్యాక పిల్లలకిచ్చే సెలవులకూ ఇదే కొలత: మర్నాడే కొత్త కోచింగ్ వద్దు, రెండు నెలలు పూర్తిగా గాలికి వదలడమూ వద్దు. జూన్‌లో పత్తి గింజలు పెట్టే ముందు ప్యాక్‌ను ఒకసారి పూర్తిగా ఎక్కించి చూసుకోండి. ఉబ్బి కనిపిస్తే మాత్రం చార్జింగ్ పెట్టకండి, స్క్రూడ్రైవర్ తీయకండి, షాపులో అప్పగించండి.