వినే పాఠం, చదివే పాఠం

దోహాలోని ఎడ్యుకేషన్ సిటీని మీలో కొందరు చూచే ఉంటారు. అలాంటి విశ్వవిద్యాలయాలలో ఆచార్యులు చెప్పే పాఠాన్ని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఉంచితే అది పాడ్‌కాస్ట్ అవుతుంది. పని ముగించుకొని రాత్రి ఇల్లు చేరినవారు సైతం వినవచ్చు; అర్థం కానిచోట ఆపి మరల వినవచ్చు.

మరి చెవులు వినబడనివారి మాట ఏమిటి? అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం 20,000కు పైగా పాఠాలను అందరికీ ఉచితంగా ఇచ్చింది. చాలావాటిలో మాటలను అక్షరాలలో చూపే ఏర్పాటు సరిగా లేదు. బధిరులు ఫిర్యాదు చేయగా, 2016లో ప్రభుత్వం ఆ లోపాన్ని ఎత్తి చూపింది. సరిదిద్దడానికి ఖర్చు ఎక్కువని విశ్వవిద్యాలయం 2017లో ఆ పాఠాలను అందరికీ అందకుండా చేసింది. వినగలవారికీ అవి లేకుండా పోయాయి!

మన హైదరాబాదులో 1982లో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం రేడియోలో పాఠాలు వినిపించింది. విద్యార్థుల చేతికి అచ్చు పుస్తకాలు కూడా ఇచ్చింది.