హిమసీమలో ఒంటరి వేఁటకాఁడు

ఎల్కు అనునది యే మృగమని యడిగినచో విద్యార్థులు తికమకపడుదురు. అందు వారి దోషము లేదు. ఐరోపాలో ఆ పేరు, పొడవైన కాళ్లును చేటలవంటి కొమ్ములును గల మృగమునకు చెల్లును. దానినే అమెరికావారు మూసు అందురు. అమెరికావారి ఎల్కు వేఱొక పెద్దజింక. వాపిటి యని దానికి మఱియొక పేరు. సింహళమందలి ఆంగ్లేయులు మన కణుజునే, అనఁగా సాంబరు దుప్పినే, ఎల్కనిరి. పందొమ్మిదవ శతాబ్దమున సామ్యూల్ బేకరు నువర ఎలియ కొండలలో కుక్కలతో వేఁటాడిన ఎల్కులు కణుజులే.

కణుజు మన తూర్పు కనుమలకు క్రొత్తది కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే దాని వేఁట నిషిద్ధము. అమెరికాలోని మాంటానా, వయోమింగు, కొలరాడో రాష్ట్రములలో మాత్రము వాపిటి వేఁట అనుమతిపత్రముతో, నియమిత దినములలో నేఁటికిని జరుగుచున్నది. దానిని గూర్చియే మేమిట వ్రాయుచున్నారము.

మూలపేట తీరమున పుష్యమాసపు వేకువగాలికే మనము దుప్పటి వెదకుకొందుము. ఆ పర్వతములలో శీతకాలమున సున్నకు దిగువ 30 డిగ్రీల చలియు పడుట కలదు. సున్నకు దిగువ 39 డిగ్రీల కడ పాదరసమే గడ్డకట్టును. 40 డిగ్రీల దిగువ సెంటీగ్రేడు, ఫారన్‌హీటు మానములు రెండును ఒకే యంకె చూపును.

ఇట్టి చోట ఒంటరిగా పోవువానిని మొదట దెబ్బతీయునది తన చెమట. నౌపడ ఉప్పుమళ్లలో నీరావిరి యగుటకు వలయు వేఁడిని సూర్యుఁడిచ్చును. వేఁటకాని చొక్కాలోని చెమట ఆవిరి యగుటకు వలయు వేఁడి వాని దేహమునుండియే పోవును. సముద్రమునుండి తడిబట్టతో ఒడ్డెక్కిన మన వలకాండ్రకు గాలి తగులఁగానే వణకు పుట్టుట ఎవ రెఱుఁగరు? కావున అనుభవజ్ఞుఁడు కొంచెము చలి తెలియునట్లే, కోటును వీపుమూటకుఁ గట్టి, మెల్లగా కొండ యెక్కును. పొంచి కూర్చుండునపుడు దానిని తొడుగుకొనును. నూలుబట్ట తడిని పట్టియుంచును. ఉన్ని తడిసినను కొంత వెచ్చఁదనము నిలుపును.

మన దేహోష్ణము 37 డిగ్రీలు. అది 35 డిగ్రీలకు తగ్గినచో అపాయము మొదలగును. వణకు వచ్చును, వ్రేళ్లు తడఁబడును, మాట ముద్దయగును; పిదప బుద్ధి చెదరును. తుదకు వణకే యాగును. కొందఱు వేఁడిమి యని భ్రమించి బట్టలు విప్పివేయుటయుఁ గలదు. తోడున్నవాఁడు మాట తడఁబాటు వినియే నిప్పు రగిలించును. ఒంటరివానికి తన స్థితిని తూఁచవలసిన బుద్ధియే చెడుచున్నది గదా! అందుచే ఏ త్రోవను పోవునో, ఏ గంటకు మరలునో ముందే యొకరికి చెప్పిపోవలెను. ఆ గంట యైనపుడు అడుగుజాడ యెంత క్రొత్తదైనను విడిచి మరలవలెను. ఈ యొక్క నియమమును పాటించుట గురి నేర్చుటకంటె కష్టమని మా యభిప్రాయము.

తుపాకి సంగతియు వింతయే. చలికి అందలి నూనె చిక్కఁబడి, మీట నొక్కినను మందు పేలకపోవచ్చును. వెచ్చని గుడారములోనికి దానిని తెచ్చినచో ఇనుముపై తేమ పట్టును; మరల బయటికి గొనిపోఁగానే ఆ తేమ మంచగును. కాన తుపాకిని బయటనే యుంచుదురు.

మృగము పడిన పిమ్మటనే అసలు శ్రమ. మగ వాపిటి సుమారు 300 కిలోలు తూఁగును. చుట్టును మంచున్నను, దళమైన చర్మము లోని వేఁడిని పోనీయదు. వెంటనే ఒలిచి కోయనిచో తుంటి యెముక కడ మాంసము చెడును. ఎముకలు తీసిన మాంసము 100 కిలోలు, ఒక్క మోఁత 25 కిలోలు, బాట 3 కిలోమీటర్ల దూరము అనుకొందము. నాలుగు మోఁతలకు నాలుగు పోకలు, మూఁడు రాకలు. అంతయు మంచులో 21 కిలోమీటర్లు. లెక్క బాలురు సరిచూచుకొందురు గాక! నవంబరు తుదిని మాంటానాలో పగలు సుమారు 9 గంటలే. ఈ లెక్క గుండు పేల్చుటకు ముందే మనసున వేసికొనవలెను; సాయంకాలము కొండ యావలి లోయలో ఎంతటి కొమ్ముల మృగము నిలిచినను పేల్చకుండుటయే మేలు.

ప్రొద్దు చాలనపుడు మిగిలిన మాంసమును చెట్టుకొమ్మకు వ్రేలాడఁగట్టి మఱునాఁడు వత్తురు. వచ్చువారు దూరమునుండియే ఆ చోటు పరికింతురు. ఏలయన ఆ ప్రాంతమందలి గ్రిజ్లీ ఎలుగుబంట్లన్నియు అప్పటికి శీతనిద్రకు పోవు. వాసన పట్టి వచ్చిన యెలుగు ఆ మాంసమును తనదిగానే యెంచి కావలి కాయును.