ఉన్నత పాఠశాలలో వ్యవహార విద్య: పంచాయతీల కర్తవ్యము

పదవ తరగతి నెగ్గిన బాలునికి ఒక దరఖాస్తు పంపవలసి వచ్చినప్పుడు ఏమి జరుగుచున్నదో పంచాయతీ సభ్యులెరుగుదురు. అతడు పట్టణమునకు పోయి, సొమ్ము చెల్లించి, మరొకనిచేత దానిని పూర్తి చేయించుకొనుచున్నాడు. పేరులో ఒక అక్షరము గాని, పుట్టిన తేదీలో ఒక అంకె గాని తప్పినచో కనిపెట్టజాలడు. ఇది బాలుని లోపము కాదు. ఆ పని అతనికి ఎవరును నేర్పలేదు.

ఈ లోటును పెద్దలు ఏనాడో గుర్తించిరి. 1952లో ఏర్పడిన మొదలియార్ సంఘము వృత్తి విద్యకు తావిచ్చు బహుళార్థసాధక పాఠశాలలను సూచించెను. 1964–66 నాటి కొఠారీ సంఘము పని అనుభవము చదువులో భాగము కావలెననెను. 2020 నాటి జాతీయ విద్యా విధానము 6, 7, 8 తరగతుల మధ్య పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానిక వృత్తి నిపుణుల వద్ద పని నేర్చుకొనవలెనని చెప్పినది. తెలుగు రాష్ట్రములు రెండింటను కొన్ని ఉన్నత పాఠశాలలలో 9వ తరగతి నుండి వృత్తి విద్య బోధింపబడుచున్నది. అది లేనిచోట గ్రామమే తోడ్పడవలసియున్నది.

ఏమి నేర్పవలెను?

మొదటిది లెక్క. చిట్టా, ఆవర్జా, రసీదు, నిల్వ అనునవి ఏమో విద్యార్థి తన యింటి లెక్కతోనే నేర్వవచ్చును. ఒక యింటివారు పాలకేంద్రమునకు దినమునకు 7 లీటర్ల చొప్పున 15 దినములు పాలు పోసిరనుకొందము. మొత్తము 105 లీటర్లు. లీటరు 40 రూపాయల వంతున 4,200 రూపాయలు. దాణా బాకీ 1,500 పోగా 2,700 రావలెను. బ్యాంకు ఖాతాలో 2,620 మాత్రమే జమయైనది. తక్కువైన 80 రూపాయలు సరిగా 2 లీటర్ల ధర. ఏ పూటనో 2 లీటర్లు పుస్తకమున కెక్కలేదేమోయని విచారింపవలెను. ఇట్లు లెక్క చూడనేర్చిన బాలిక ఆ యింటికి పెద్ద అండ.

రెండవది కంప్యూటరు. తెలుగు, ఇంగ్లీషు భాషలలో టైపు చేయుట, ఉత్తరము కూర్చుట, ఈమెయిలు పంపుట, గళ్ళపట్టికలో పై లెక్కనే వేసి కూడికను యంత్రముచేత చేయించుట నేర్పవలెను. తెలుగును యూనికోడ్ లిపిలో టైపు చేయుట అలవరచవలెను. పాత పద్ధతి అక్షరములతో టైపు చేసినది, అవి లేని యంత్రములో చదువుటకు రాదు.

మూడవది జాగ్రత్త. ఫోను ద్వారా సొమ్ము చెల్లించునప్పుడే పిన్ను అంకెలు కావలెను. సొమ్ము పుచ్చుకొనుటకు అవి అక్కరలేదు. ఈ ఒక్క మాట తెలిసిన పిల్లవాడు ఇంటిల్లిపాదిని మోసము నుండి కాపాడగలడు.

నాల్గవది ఉద్యోగమునకు సంసిద్ధత. పాఠశాల ధ్రువపత్రము, ఆధార్, బ్యాంకు పుస్తకము ఈ మూడింట పేరును పుట్టిన తేదీయు ఒకే తీరున నుండవలెను. తేడా యున్నచో 9వ తరగతిలోనే సరిచేయించుకొనుట మేలు. తన వివరములను ఒక పుటలో వ్రాయుట, పదిమంది యెదుట జంకక మాటలాడుట అభ్యాసమువలన వచ్చును. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియట్ ఒక్కటే దారి కాదు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చును. ఐ.టి.ఐ.లో వృత్తి నేర్వవచ్చును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద భత్యము పొందుచు పని నేర్చుకొను మార్గమును కలదు.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదకొండవ షెడ్యూలులో, రాష్ట్రములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య అందు 17వది. సాంకేతిక శిక్షణ, వృత్తి విద్య 18వది. కావున ఇది మన పని కాదని సభ్యులు తలపరాదు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పాఠశాలలోని కంప్యూటర్లు తాళము వేసిన గదిలో మూలపడియున్నవేమో ప్రధానోపాధ్యాయునితో కలిసి చూడవలెను. విద్యుత్తు, ఇంటర్‌నెట్ లేనిచో జిల్లా పరిషత్తునకు వ్రాయవలెను. పంచాయతీ లెక్కలు 2020 నుండి ఈ–గ్రామస్వరాజ్ ద్వారా నమోదగుచున్నవి. ఆ పనిని విద్యార్థులకు చూపి వివరింపవచ్చును. సహకార సంఘపు కార్యదర్శిని, బ్యాంకు ఉద్యోగిని నెలకొక గంట పాఠశాలకు పిలువవచ్చును. అయితే నేర్పుట వేరు, పిల్లలచేత ఊరక చాకిరి చేయించుకొనుట వేరు. చూపు పని బడివేళకు, చదువునకు అడ్డు రాకూడదు. బాలికలు వెనుకబడకుండ, తరగతులు పగటివేళనే ముగియునట్లు చూడవలెను.

వచ్చు సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టి, ప్రధానోపాధ్యాయుని ఆహ్వానింపుడు. మీ యూరి బాలబాలికలు తమ దరఖాస్తును తామే వ్రాసి, తమ లెక్కను తామే సరిచూచుకొనగలిగిన నాడు ఆ సమావేశము సార్థకమగును.