కంప్యూటరు కూర్పు: ప్రాసెసరునకు తగిన మదర్‌బోర్డు

2020 ఏప్రిల్ 24 నాడు ఈ-గ్రామ్‌స్వరాజ్ ప్రారంభమైనది మొదలు పంచాయతీ లెక్కలకు కంప్యూటరు అవసరమైన వస్తువైనది. గ్రామములోని చదువుకొన్న యువకులు విడిభాగములు కొనితెచ్చి తామే యంత్రమును కూర్చెదమని ముందుకు వచ్చినచో వారిని ప్రోత్సహింపవలసినదే. అయితే దుమ్ముగూడెము, చర్ల వంటి అడవి అంచు మండలముల వారికి ఖమ్మము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. పొసగని భాగమొకటి కొన్నచో దానిని మార్చుకొనుటకు మరల అంత దూరమును పోవలెను. 2022 జూలైలో వలె భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటిన దినములలో ఆ ప్రయాణమును సాగదు.

త్రాగునీటి పథకమునకు మోటారు కొనునపుడు స్టార్టరు దానికి తగినదేనా యని సభ్యులు విచారింతురు గదా! ఇచటను అట్టి విచారణయే వలయును. లెక్కలు చేయు ముఖ్యభాగము ప్రాసెసరు. దానికి విద్యుత్తు నందించి, తక్కిన భాగములతో కలుపు పలక మదర్‌బోర్డు. ప్రాసెసరు కూర్చుండు గూటిని సాకెట్టు అందురు. ఇంటెల్ వారి 12, 13, 14వ తరముల ప్రాసెసర్లకు ఎల్‌జిఎ 1700 సాకెట్టు వలయును. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5000 వరుసకు ఎ.ఎం.4, 7000 వరుసకు ఎ.ఎం.5 కావలెను. ఒక కంపెనీ ప్రాసెసరు మరియొక కంపెనీ బోర్డులో ఇముడదు.

గూడు సరిపోయినంత మాత్రమున పని జరుగునని తలంపరాదు. పెక్కుమంది మోసపోవునది ఇచటనే. ఇంటెల్ వారు 2015లో తెచ్చిన 6వ తరమునకును, 2017లో తెచ్చిన 8వ తరమునకును సాకెట్టు పేరు ఒక్కటే, ఎల్‌జిఎ 1151. అయినను 8వ తరపు ప్రాసెసరును 6, 7 తరములకు చేసిన 100, 200 వరుసల బోర్డులో అమర్చినచో అది పనిచేయదు. దానికి 300 వరుస బోర్డు వలయును. ఈ వరుసను తెలుపునది చిప్‌సెట్ పేరు. చవుకగా వచ్చుచున్నదని వాడిన బోర్డు కొనువారు దీనిని తప్పక చూడవలెను.

చిప్‌సెట్ సరియైనను బయోస్ అను ప్రారంభ కార్యక్రమము పాతదైనచో చిక్కు కలుగును. హెచ్610 బోర్డు 12వ తరముతో వెలువడినది. దానిపై 14వ తరపు ప్రాసెసరు నడువవలెనన్న కొత్త బయోస్ ఉండవలెను. దానిని ఎక్కించుటకు కొన్ని బోర్డులలో పాత తరపు ప్రాసెసరే కావలసివచ్చును. పల్లెలో అది ఎచట దొరకును? కనుక బయోస్ మార్పు అవసరమైనచో దుకాణములోనే చేయించి, యంత్రము వెలుగుటను కన్నులార చూచి తీసికొనుట మేలు. ఏ బోర్డుపై ఏ ప్రాసెసరు, ఏ బయోస్‌తో నడుచునో తెలుపు పట్టికను బోర్డు తయారీదారులే ప్రకటింతురు. అమ్మకపువాని మాటకంటె ఆ పట్టిక ప్రమాణము.

పేరు చివరి అక్షరమును విడువరాదు. ఐ3-12100 లో తెరపై బొమ్మ చూపు ఏర్పాటు కలదు. ఐ3-12100ఎఫ్ లో అది లేదు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొననిచో తెర నల్లగనే యుండును. కార్యాలయపు లెక్కలకు, ధ్రువపత్రములకు మొదటిదే చాలును. ఆటలకు తగిన ఖరీదైన ప్రాసెసర్లు పంచాయతీ సొమ్ముతో కొనదగినవి కావు. ర్యామ్ విషయమునను ఇట్లే. ఎల్‌జిఎ 1700 బోర్డులలో కొన్ని డిడిఆర్4ను, కొన్ని డిడిఆర్5ను గ్రహించును. ఒకదాని గాడిలో రెండవది దిగదు.

ఎల్‌జిఎ బోర్డులలో సన్నని సూదులు సాకెట్టులోనే యుండును. ప్రాసెసరు మూలనున్న త్రికోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలిపి, అదుమక, మెల్లగా దించవలెను. వంగిన సూదికి సాధారణముగా వారంటీ వర్తింపదు. బిల్లుపై “ప్రాసెసరు, బోర్డు” అని మాత్రము వ్రాయించుకొనక, రెండింటి పూర్తి నమూనా పేర్లును, చివరి అక్షరములతో సహా, వ్రాయించుకొని తీర్మానపు ప్రతితో పోల్చి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.