చాకు వయసు ఎక్కడ తెలుస్తుంది?

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో కొమ్ము పిడి ఉన్న మడత చాకు దొరికింది. అలుగు మీద ‘జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్, కట్లర్స్ టు హిజ్ మెజెస్టీ’ అనీ, జి, ఆర్ అక్షరాల మధ్య కిరీటమూ ఉన్నాయి. కంపెనీ పాలన నాటిదని ఇంట్లో అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఇంట్లోవాళ్ల మాట ఊరికే కొట్టిపారేయలేమండీ. షెఫీల్డ్‌కు చెందిన ఈ సంస్థకు నాలుగో జార్జ్ కాలంలో, 1822లో, రాజాస్థానపు గుర్తింపు వచ్చింది. ‘హిజ్’ అంటే రాజు. కాబట్టి విక్టోరియా రాణి ఏలిన 1837-1901 కాలాన్ని పక్కన పెట్టేయవచ్చు. జి, ఆర్ అంటే జార్జ్ రాజు. 1830కి ముందుదైనా కావాలి, 1910-52 మధ్యదైనా కావాలి. నడుమ ఎనభై ఏళ్ల ఖాళీ!

తేల్చే ఆధారం అలుగు మొదట్లో, పిడిలోకి దిగేచోట ఉంటుంది. టార్చి లైటు ఏటవాలుగా వేసి, భూతద్దంతో చూడండి. ‘ఇంగ్లండ్’ అనే మాట కనిపిస్తే అది దాదాపుగా రెండో కాలానిదే. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన చట్టం మరుసటి ఏడాది అమల్లోకి వచ్చాక ఈ ముద్ర మామూలైంది. ‘స్టెయిన్‌లెస్’ అని ఉంటే ఇక అనుమానమే లేదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కును తయారుచేసింది 1913లో. అయితే మామిడికాయ కోస్తే అలుగు నల్లబడుతోంది కదా, పాతదే అనుకోకండి. మామూలు ఉక్కు చాకులు ఆ తర్వాత కూడా చాలాకాలం వచ్చాయి. చాకు మీదున్న గుర్తుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో, దాని వయసే చాకు వయసుకు హద్దు. పిడిని మాత్రం నమ్మకండి, మధ్యలో ఎవరైనా మార్చి ఉండవచ్చు.

‘రాడ్జర్స్’లో ‘డి’ అక్షరం ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే అది వేరే సంస్థదో, నకలో.

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధం నాటి ‘విక్టోరినాక్స్’ చాకు అని ఒకాయన అమ్ముతున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ మాట నమ్మి కొనకండి. స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పని మొదలుపెట్టారు. 1909లో తల్లి పోయాక ఆమె పేరున ‘విక్టోరియా’ అని పెట్టుకున్నారు. తుప్పుపట్టని ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ దానికి కలిసింది 1921లో. అప్పటికి యుద్ధం ముగిసి మూడేళ్లు.

ప్రశ్న: తుప్పు పట్టిన పాత చాకును సాన పట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దయచేసి వద్దు. గరుకు కాగితం కూడా వద్దు. ముద్ర లోతు చాలా తక్కువ, రెండు రుద్దులకే అక్షరాలు పోతాయి. కీలు దగ్గర రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేసి, రాత్రంతా ఉంచి, పొద్దున మెత్తటి గుడ్డతో తుడవండి. వంటనూనె వాడితే జిగురు కడుతుంది. అలుగు తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా మళ్లీ నూనె వేయండి.